ఫోటో మీదేనని రుజువేది?

(విశాఖపట్నంలో చిన్న ఆన్‌లైన్ వ్యాపారుల సదస్సులో చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందాండి? సరే.

ఈ హాల్లో ఏటికొప్పాక లక్కబొమ్మలు అమ్మేవాళ్లున్నారు, పొందూరు ఖద్దరు అమ్మేవాళ్లున్నారు, అరకు కాఫీపొడి ప్యాకెట్లు పంపేవాళ్లున్నారు, కురుపాం మార్కెట్లో నగలు కొని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేవాళ్లున్నారు. సరుకు వేరైనా గోల ఒక్కటే. మా ఫోటో ఎవడో ఎత్తేసి తన పేజీలో పెట్టుకున్నాడు. దాని వెనకే రెండో గోల. కంప్లైంట్ పెట్టాం, తిప్పి పంపేశారు. నేను ఎక్కువగా మాట్లాడబోయేది ఆ రెండోదాని గురించే. చట్టం లేక ఫిర్యాదులు తిరిగి రావడం లేదండి. ఫోటో మాది అని రాశారు, చూపించలేదు. చూపించడానికి కావలసినవన్నీ ఫోటో తీసిన రోజే పక్కన పెట్టుకోవాలి. పోయాక వెతుక్కుంటే సగం దొరకవు.

ముందు ఆ ఫోటో చట్టం దృష్టిలో ఎవరిదో తేల్చుకుందాం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో ఫోటో కూడా కళాకృతే. అందంగా ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు. తెల్ల అట్టముక్క మీద పెట్టి ఫోన్‌తో తీసిన లక్కబొమ్మ ఫోటోకి కూడా రక్షణ ఉంది. తీసినవాడే కర్త. కర్త బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా ఉంటుంది.

చిక్కు వచ్చేది తీసినవాడు మీరు కానప్పుడు. 17వ సెక్షన్ ప్రకారం మీరు డబ్బిచ్చి, మీ కోసం తీయించుకున్న ఫోటోకి వేరే ఒప్పందం లేకపోతే మొదటి యజమాని మీరే. మీ దగ్గర జీతానికి పనిచేసే కుర్రాడు పనిలో భాగంగా తీసినా మీదే. కానీ మేనల్లుడు కెమెరా కొన్నాడని పిలిచి, పైసా ఇవ్వకుండా తీయించుకున్నారనుకోండి, ఆ ఫోటో మేనల్లుడిది. కంప్లైంట్ ఫారంలో నేనే హక్కుదారుణ్ని అని మీరు టిక్కు పెడితే అది తప్పుడు ప్రకటన అవుతుంది. దీనికి మందు ఒక కాగితం. ఏయే ఫోటోలు, ఏ తేదీన తీసినవో రాసి, హక్కులు మీకు బదిలీ చేస్తున్నట్టు సంతకం పెట్టించండి. ఎంతకాలానికో, ఏ ఏ దేశాలకో కూడా అందులోనే రాయాలి. కాలం రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. బయటి దేశాలకి బొమ్మలు పంపేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. స్టూడియోకి డబ్బిచ్చి తీయించినా బిల్లు మీద ఏ సరుకు ఫోటోలు తీశారో రాయించుకోండి. ‘ఫోటోగ్రఫీ ఛార్జీలు’ అని ఒక్క ముక్క ఉన్న బిల్లు ఎందుకూ పనికిరాదు.

ఇంకో మాట, కొంతమందికి చేదుగా ఉండొచ్చు. హక్కు ఉన్నది ఫోటో మీద, వస్తువు మీద కాదు. అవతలివాడు అదే బొమ్మ కొనుక్కుని, అదే కోణంలో తన ఫోన్‌తో ఫోటో తీసుకుంటే మీ ఫోటో హక్కుకి భంగమేమీ లేదు. మా డిజైన్ కాపీ కొట్టాడు అన్నది వేరే కేసు, దానికి 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది. రిజిస్టర్ చేయించగల డిజైన్‌ని చేయించకుండా 50 కంటే ఎక్కువ ప్రతులు తయారుచేస్తే కాపీరైట్ చట్టం కింద కూడా ఆ డిజైన్‌కి రక్షణ పోతుంది. ఈ రెండూ కలిపి ఒకే ఫిర్యాదులో రాశారంటే చదివే ఉద్యోగి రెండింటినీ పక్కన పడేస్తాడు.

ఇప్పుడు ఫోటో తీసే రోజు దగ్గరకి వద్దాం. ఒకటికి రెండుసార్లు చెప్తాను, విసుక్కోకండి.

ఫోన్‌లో పడిన మొదటి ఫైలు ఉంటుంది చూడండి, దాన్ని ముట్టుకోకూడదు. ఎడిట్ చేయాలంటే కాపీ తీసి దాని మీద చేయండి. అసలు ఫైలు కడుపులో తేదీ, టైము, ఫోన్ మోడల్, ఒక్కోసారి లొకేషన్ కూడా రాసి ఉంటాయి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపగానే ఆ వివరాలన్నీ ఊడిపోతాయి, సైజు కూడా తగ్గిపోతుంది. చాలామంది దగ్గర చివరికి మిగిలేది ఆ వాట్సాప్ కాపీయే. అది దొంగ దగ్గరున్న కాపీ కంటే ఏ రకంగానూ గొప్పది కాదు. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా అటాచ్ చేసి పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. సొంత వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు మాత్రం లొకేషన్ తీసేయండి, లేకపోతే మీ ఇల్లు ఎక్కడో ఊరందరికీ చెప్పినట్టే.

ఆ తేదీ వివరాలు ఒక్కటే సరిపోతాయా అంటే, సరిపోవు. వాటిని మార్చే యాప్‌లు బోలెడు. అందుకే రెండో కాపలా. అమెజాన్‌కైనా ఇంకెక్కడికైనా మీరు ఎక్కించేది చతురస్రంగా కత్తిరించిన ముక్క. ఫోన్ తీసేది 4:3 కొలతలో. కత్తిరింపులో పోయిన అంచుల్లో ఏముంటుంది? బల్ల చివర ఉంటుంది, తెల్లగుడ్డ బిగించిన క్లిప్పు ఉంటుంది, పక్కన పెట్టిన రెండో బొమ్మ సగం ఉంటుంది. దొంగ దగ్గర ముక్కే ఉంది, అంచు లేదు. మీరు పూర్తి ఫ్రేము తీసి చూపించారంటే వాడు నోరెత్తడానికి ఉండదు. కాబట్టి తీసేటప్పుడే వస్తువు చుట్టూ కాస్త ఎక్కువ జాగా వదలండి. ఆ ఫోటోకి ముందూ వెనకా తీసినవి, వణికినవి, ఫోకస్ కుదరనివి కూడా నాలుగైదు ఉంచండి. పాడైన ఫోటోలు చెరిపేయడం మనకి అలవాటు. రుజువుగా వాటికి మంచి ఫోటో కంటే విలువ ఎక్కువ, ఎందుకంటే వాటిని మీరు ఎక్కడా పెట్టలేదు, ఎవడికీ దొరకవు.

లక్కబొమ్మల వాళ్లకి ఇంకో వరం ఉంది. ఇదిగో, తెర మీద ఈ బొంగరం పెద్దది చేసి చూపిస్తున్నాను. మొగలి ఆకుతో మెరుగు పెట్టిన లక్క కదా, అద్దంలా ఉంటుంది. ఎరుపు చారకి కాస్త పైన తెల్లటి మెరుపు చూడండి. అది కిటికీ. అందులో సన్నగా నిలువు గీతలు నాలుగు, అవి కిటికీ ఊచలు. కుడి పక్కన నల్లటి నీడ ఫోటో తీసిన మనిషి మోచెయ్యి. ఇప్పుడు ఎత్తుకెళ్లిన ఫోటో చూడండి. బ్యాక్‌గ్రౌండ్ మార్చాడు, పచ్చిక పెట్టాడు, ఎరుపు రంగుని కొంచెం నారింజ వైపు తిప్పాడు. కానీ మెరుపులో అవే నాలుగు ఊచలు, అదే మోచెయ్యి. పచ్చిక మీద ఆరుబయట పెట్టిన బొమ్మలో కిటికీ ఎక్కణ్నుంచి వచ్చింది? చీరలకైతే కుచ్చు మడత పడిన తీరు, కొంగు చివర వేలాడే దారప్పోగు. నగలకైతే రాళ్లలో వెలుగు చుక్కలు. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, ఇలాంటి గుర్తులు మూడింటికి ఎర్ర వలయం చుట్టి ఒకే బొమ్మగా జత చేయండి. ఫిర్యాదు చదివేవాడికి మీ ఫైలు మీద ఉండే ఓపిక కొద్దిసేపే. ఆ కాస్తలో వాడి కంటికి పడాల్సింది ఈ వలయాలు.

ఫైలుకి హాష్ అని ఒకటి ఉంటుంది, ఫైలు వేలిముద్ర అనుకోండి. ఒక్క చుక్క మారినా హాష్ మొత్తం మారిపోతుంది. విండోస్ కంప్యూటర్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతో షా-256 హాష్ నిమిషంలో వస్తుంది. సరుకు ఫోటోలు తీసిన రోజే ఆ అంకెలన్నీ ఒక మెయిల్‌లో పెట్టి మీకు మీరే పంపుకోండి. ఎప్పుడైనా కోర్టుదాకా వెళ్తే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో హాష్ రాసే గడి ఉంది. ఒక భాగం మీరు నింపాలి, ఇంకో భాగం నిపుణుడు నింపాలి.

వాటర్‌మార్క్ గురించి అందరూ అడుగుతారు, తొందరగా చెప్పేస్తాను. మీ సొంత పేజీలో, వాట్సాప్ కేటలాగ్‌లో వేసుకోండి, మూలన కాకుండా వస్తువు మీదుగా వేయండి, మూలదైతే కత్తిరించేస్తారు. అమెజాన్ ముఖ్య ఫోటోలో మాత్రం కుదరదు. అక్కడ బ్యాక్‌గ్రౌండ్ అచ్చ తెలుపు ఉండాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి, రాతలూ గుర్తులూ ఉండకూడదు. వాటర్‌మార్క్ దొంగని ఆపుతుందని నాకు పెద్ద నమ్మకం లేదు. కానీ మీ పేరున్న గుర్తుని కావాలని చెరిపాడని చూపించగలిగితే, తెలియక వాడాను అనే సాకు చెల్లదు. హక్కుదారు వివరాలని అనుమతి లేకుండా కావాలని తొలగించడం కాపీరైట్ చట్టం 65బి సెక్షన్ కింద దానికదే నేరం.

దొంగ ఫోటోలు పట్టుకోవడానికి గూగుల్ లెన్స్, టిన్‌ఐ, బింగ్ మూడూ వాడండి, ఒకదానికి దొరకనిది ఇంకోదానికి దొరుకుతుంది. దొరకలేదంటే ఫోటోని అద్దంలోలా కుడి ఎడమలు తిప్పి మళ్లీ వెతకండి, ఎత్తేవాళ్లలో చాలామంది చేసే మొదటి పని తిప్పడమే. తర్వాత వస్తువు ఒక్కటే మిగిలేలా కత్తిరించి వెతకండి. ఇంకో ఉపాయం, వర్ణన. ఫోటో ఎత్తేవాడు వర్ణన కూడా ఎత్తేస్తాడు. మీరు రాసిన ఒక వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో కొట్టండి. మీ అక్షరదోషాలతో సహా మక్కీకి మక్కీ దొరుకుతుంది.

దొరికింది. ఇక్కడ నూటికి తొంభై మంది చేసేది ఏమిటంటే, కింద కామెంట్‌లో తిట్టడం. దయచేసి ఆ పని చేయకండి. వాడు గంటలో ఆ పేజీ తీసేసి, ఇంకో పేరుతో పెడతాడు, మీ చేతిలో ఏమీ ఉండదు. ముందు భద్రపరచండి. పైన చిరునామా పట్టీ, కింద కంప్యూటర్ గడియారం కనబడేలా పేజీ స్క్రీన్‌షాట్. పేజీ మొత్తం పీడీఎఫ్. అమ్మకందారు పేరు మీద నొక్కితే వచ్చే వివరాల పేజీ. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మకందారు వ్యాపార పేరు, చిరునామా, కస్టమర్ కేర్ నంబరు మార్కెట్‌ప్లేస్ చూపించాలి, నోటీసు పంపడానికి అదే ఆధారం. తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ లింకు భద్రం చేయించండి. అది మూడో మనిషి సాక్ష్యం, మీ స్క్రీన్‌షాట్ మీరే తయారుచేశారని అనడానికి ఉండదు. కొన్ని సైట్లు దానికి అందవు, అందినప్పుడు వదలకండి. కుదిరితే ఆ సరుకు ఒకటి ఆర్డర్ పెట్టి, ప్యాకెట్ విప్పడం వీడియో తీయండి. ఫోటోలో లక్కబొమ్మ, పెట్టెలో రంగు పూసిన బొమ్మ వస్తే మీ కేసు రెండింతలు బలపడుతుంది. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ పేరుతో ఇంకేదో అమ్మడం వేరే తప్పు.

ఇక ఫిర్యాదు. అమెజాన్‌లో ఒక మెలిక ఉంది, అది తెలియక చాలామంది ఓడిపోతారు. అక్కడ ఒక వస్తువుకి ఒక పేజీ, దానికి ఒక ఏఎస్‌ఐఎన్ నంబరు. అదే వస్తువు అమ్మేవాళ్లు పదిమంది ఉంటే అందరూ ఆ ఒక్క పేజీ కిందే చేరతారు. మీరు ఫోటో ఎక్కించినప్పుడే దాన్ని వాడుకునే అనుమతి అమెజాన్‌కి ఒప్పందంలో ఇచ్చేశారు. కాబట్టి మీ పేజీలోనే ఇంకొకడు చేరి అమ్ముతుంటే, వాడు ఫోటో దొంగిలించినట్టు కాదు. అక్కడ కాపీరైట్ ఫిర్యాదు నిలవదు. వాడు అమ్మేది మీ సరుకు కాదని చూపించాలి, దానికి ట్రేడ్‌మార్కూ, అమెజాన్‌లో బ్రాండ్ నమోదు చేసుకునే బ్రాండ్ రిజిస్ట్రీ కావాలి. వేరే ఏఎస్‌ఐఎన్‌తో కొత్త పేజీ తెరిచి అందులో మీ ఫోటో పెడితే, అప్పుడు కాపీరైట్ ఫిర్యాదు సరిగ్గా సరిపోతుంది. ముందు నంబరు చూడండి, తర్వాత ఫారం తెరవండి.

ఫారం నింపేటప్పుడు కాపీరైట్ అన్నదే ఎంచుకోండి. కొందరు కోపంలో కాపీరైట్, ట్రేడ్‌మార్క్, నకిలీ సరుకు మూడూ ఎంచుకుంటారు, మూడింటికీ వేర్వేరు రుజువులు అడుగుతారు, ఒకటి తప్పితే మొత్తం ఆగిపోతుంది. ప్రతి ఫోటోకి విడిగా లింకు ఇవ్వండి. ‘ఈ దుకాణంలో మా ఫోటోలు చాలా ఉన్నాయి’ అంటే ఎవరూ కదలరు. 2016లో మైస్పేస్ అనే సోషల్ మీడియా సైటు కేసులో ఢిల్లీ హైకోర్టు కూడా ఇదే చెప్పింది, ఫలానా చోట ఫలానా వస్తువు అని నిర్దిష్టంగా తెలిపితేనే వేదిక మీద, అంటే ఆ సైటు నడిపేవాళ్ల మీద, బాధ్యత పడుతుందని. మాటలు నాలుగు వాక్యాలు చాలు. ఈ ఫోటో నేను ఫలానా తేదీన తీశాను. మొదట ఫలానా లింకులో ఫలానా తేదీన పెట్టాను. ఇప్పుడు ఈ లింకులో ఉన్నది అదే, నేను అనుమతి ఇవ్వలేదు. రుజువులు జత చేశాను. దొంగ, సిగ్గు, పోలీసు అనే మాటలు అక్కర్లేదు.

దీనికి పైమెట్టు చట్టప్రకారం నోటీసు. 2013 నాటి కాపీరైట్ నియమాల్లో 75వ నియమం కింద రాతపూర్వక ఫిర్యాదు అందిన 36 గంటల్లో వేదిక దాన్ని కనబడకుండా చేయాలి, 21 రోజులు అలా ఉంచాలి. వినడానికి బాగుంది. కానీ ఆ ఫిర్యాదులో మీరొక హామీ ఇవ్వాలి. ఎక్కించినవాడి మీద కోర్టులో దావా వేసి, 21 రోజుల్లో ఉత్తర్వు తెస్తానని. తేకపోతే వాళ్లు మళ్లీ పెట్టేయొచ్చు. 400 రూపాయల బొమ్మ కోసం అంత దూరం వెళ్లే ఉద్దేశం లేనివాళ్లు ఆ నియమం నంబరు ఉదహరించి బెదిరించకండి. వేదిక సొంత ఫారంతోనే ముందు పని కానివ్వండి.

సరుకే లేకుండా మీ చీర ఫోటోలు పెట్టి, యూపీఐలో అడ్వాన్సు లాగి మాయమయ్యే పేజీల సంగతి వేరు. అది ఫోటో గొడవ కాదు, మోసం. డబ్బు పోయినవాళ్లు మీ దగ్గరకే వచ్చి అడుగుతారు, వాళ్లని ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయమనండి. డబ్బు ఖాతాలు మారేలోపు చేస్తేనే ఆపగలరు. ఇన్‌స్టాగ్రామ్‌లో మీరు ఇంపర్సనేషన్, అంటే మీలా నటిస్తున్నారని, దాని కింద ఒకటి, కాపీరైట్ కింద ఒకటి, రెండు రిపోర్టులు విడివిడిగా పెట్టండి.

కోర్టు గురించి నాలుగు ముక్కలు. దొంగ సూరత్‌లో ఉన్నా ఢిల్లీలో ఉన్నా మీరు అక్కడికి పోనక్కర్లేదు. కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే లేదా వ్యాపారం చేసే చోటే, అంటే ఇక్కడ విశాఖలోనే, దావా వేయొచ్చు. దానికంటే ముందు స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. 55వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది, హక్కు ఉన్నట్టు నాకు తెలియదు, అనుమానించే కారణమూ లేదు అని అవతలివాడు రుజువు చేసుకుంటే నష్టపరిహారం తప్పించుకోవచ్చు. నోటీసు అందిన తేదీ తర్వాత ఆ మాట అనలేడు. 63వ సెక్షన్ కింద తెలిసి చేసిన ఉల్లంఘనకి 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టదగిన, బెయిలు హక్కు లేని నేరమని 2022లో సుప్రీంకోర్టు నిట్ ప్రో కేసులో తేల్చింది. కత్తి పదునైనదే, కానీ పోటీదారుని బెదిరించడానికి ఉత్తుత్తి నోటీసులిస్తే 60వ సెక్షన్ కింద వాడే మీ మీద దావా వేయగలడు.

ప్రశ్నలు అడగండి.

రిజిస్ట్రేషన్ చేయించాలా అని అడుగుతున్నారు. తప్పనిసరి కాదు. చేయిస్తే కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది. కళాకృతికి రుసుము 500, సరుకుకి వాడే లేబుల్‌లాంటిదైతే 2000. దరఖాస్తు తర్వాత అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. వంద ఫోటోలకి చేయించడం డబ్బు దండగ. ఏళ్లతరబడి వాడే రెండు మూడు ఫోటోలుంటే చేయించండి.

గూగుల్‌లో దొరికిన ఫోటోకి ‘కర్టసీ’ అని పేరు వేస్తే సరిపోదా? సరిపోదండి. పేరు వేయడం మర్యాద, అనుమతి కాదు.

ఆ చివర అమ్మ అడిగింది మంచి ప్రశ్న. హోల్‌సేల్‌వాళ్లు వాట్సాప్ గ్రూపులో పంపిన చీరల ఫోటోలే మేమూ పెడతాం, అది తప్పా అని. ఆ గ్రూపులో పంపాడంటే అమ్ముకోవడానికే పంపాడని మీరు అనుకుంటారు. చాలావరకు నిజమే కావచ్చు. కానీ ఆ ఫోటో వాడు తీసిందేనా, ఇంకో పెద్ద కంపెనీది ఎత్తి మీకు పంపాడా? రెండోదైతే రిపోర్టు మీ పేజీకి వస్తుంది, వాడికి కాదు. అందుకని సరుకు తీసుకునే ముందే అదే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండమ్మా. ‘ఈ కేటలాగ్ ఫోటోలు మీరు తీయించినవేనా? మా ఇన్‌స్టాగ్రామ్, మీషో, అమెజాన్ పేజీల్లో వాడుకోవడానికి అనుమతిస్తున్నారా? ఫోటోలో ఉన్న మోడల్ అనుమతి ఉందా?’ అవును అని జవాబు వస్తే ఆ చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌కి పంపుకోండి. జవాబు నాన్చితే ఆ ఫోటో వదిలేసి, చీర ఒకటి తెప్పించుకుని కిటికీ దగ్గర మీరే తీయండి. ఎదురెండ కాకుండా, పల్చటి తెల్ల కర్టెన్ వేసి, పొద్దున తొమ్మిదిలోపు. మన ఊళ్లో ఆ తర్వాత వెలుగు మరీ తీవ్రంగా ఉండి జరీ తెల్లగా పేలిపోతుంది. ఏసీ గదిలోంచి ఫోన్ బయటికి తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, పది నిమిషాలు ఆగి, తుడిచి తీయండి.